నలభై కంప్యూటర్లకు ఒకే ఫైలు

నేను ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ ప్రోగ్రామర్‌ని. పద్దెనిమిదేళ్లుగా అక్కడే ఉన్నాను. పరీక్షల రోజున కంప్యూటర్లన్నీ సరిగ్గా పనిచేసేలా చూడటం, పాడైనవాటిని పక్కన పెట్టించడం, రిజిస్టర్లో సంతకాలు చేయించడం, ఇవే నా పనులు. నేను చేసే తప్పుల వల్ల ఎవరికైనా నష్టం జరిగితే, అది మహా అయితే ఒక గంట ప్రాక్టికల్ ఆగిపోవడం. కానీ ఒక్కసారి మాత్రం నా వల్ల ఒక మనిషి ఏడేళ్ల చదువు మట్టిలో కలిసేదే. కలవలేదు. ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే ముందు భయమేస్తుంది, ఆ వెంటనే హాయిగా ఊపిరి వస్తుంది.

అప్పుడు మా పెద్ద ల్యాబుకు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. పాతవి నలభై, వెనకున్న పాత బ్లాకులో కింది గదికి చేరాయి. తుక్కుకు ఇచ్చేద్దామని ఆఫీసులో అనుకుంటున్నారు. ఆ మాట చెవినపడి సివిల్ డిపార్ట్‌మెంట్ మేడం ఒకరోజు నా దగ్గరికి వచ్చింది. నాకంటే ఆరేడేళ్లు చిన్నది. మంచాల ఆమె సొంతూరు, తండ్రి అక్కడే వ్యవసాయం చేస్తాడు. పాఠాలు చెబుతూనే భూగర్భ జలాల మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఆదివారాలు స్కూటీ వేసుకుని ఊరూరా తిరిగి, ఏ బోర్లో నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో రైతుల్ని అడిగి, తాడు వదిలి కొలిచి రాసుకునేది. ఎండకు ఆమె చేతులు మోచేతుల దాకా ఒక రంగు, పైన ఒక రంగు ఉండేవి.

"అక్కా, ఆ పాత కంప్యూటర్లు తుక్కుకు పోతయంట గద. గంతలోపల నాకు జర ఇప్పియ్యరాదు?" అంది.

"నలభై కంప్యూటర్లు ఏం జేస్కుంటరు మేడం?"

"నా లాప్‌టాప్ మీద ఒక్క బోరు లెక్క తేలాల్నంటే పూట పడుతున్నది. వందల బోర్లున్నయ్. నలభై ఉంటే తలా ఒక బోరు ఇస్త. అన్ని ఒక్కపారే చేసుకుంటపోతయ్."

ఆమె తొందరకు కారణం ఉంది. యూనివర్సిటీ వాళ్లు ఇచ్చిన గడువు అప్పటికే రెండుసార్లు పెరిగింది. ఇక పెంచేది లేదని చెప్పేశారు. వానలు మొదలయ్యేలోపు లెక్కలన్నీ పూర్తిచేసి సెమినార్ ఇవ్వాలి. ఇవ్వలేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు.

ప్రిన్సిపల్ ఒప్పుకున్నాడు. మా కాలేజీ ఎలక్ట్రీషియన్, మేమందరం అన్న అని పిలిచే పెద్దమనిషి, రెండు రోజులు కష్టపడి గదికి కరెంటు లాగాడు. నలభై కంప్యూటర్ల కేబుళ్లనూ ఒకే నెట్‌వర్క్ డబ్బాకు కలిపాము. ఒక్కోదాని మీద తెల్ల రంగుతో నంబరు వేశాము. ఆ పాత బ్లాకులో వైరింగ్ పాతది. ఒకసారి పొగ వచ్చిందట. అందుకని సాయంత్రం నాలుగున్నరకు అన్న మెయిన్ స్విచ్ దించేసి తాళం వేసి పోతాడు. అది పై నుంచి వచ్చిన ఆర్డరు, ఎవరికీ మినహాయింపు లేదు.

కష్టం ఎక్కడ వచ్చిందంటే, ఆమె లెక్కకు కావలసిన సమాచారం మొత్తం, వానలు, మట్టి రకాలు, బోర్ల లోతులు, అన్నీ కలిపి ముప్పై జీబీల ఒకే ఫైలులో ఉంది. లెక్క చేసే ప్రతి కంప్యూటర్‌లోనూ ఆ ఫైలు ఉండాలి. పైగా ఆమె కొత్త కొలతలు తెచ్చినప్పుడల్లా ఫైలు మారిపోతుంది, మళ్లీ నలభైకీ ఇవ్వాలి. అసలు ఫైలు ఉన్న కొత్త కంప్యూటర్‌ని మేం "పెద్దది" అనేవాళ్లం. మొదటిరోజు పెద్దదాని నుంచి నలభైకీ ఒకేసారి కాపీ పెట్టి, ఇద్దరం కుర్చీలు వేసుకుని కూర్చున్నాము. మధ్యాహ్నానికి ఒక్కోదానికి పదోవంతు కూడా చేరలేదు. పెద్దదాని నుంచి వచ్చేది ఒక్క తీగే. ఆ తీగలో పట్టేదాన్ని నలభై మంది పంచుకుంటుంటే ఎవరికి ఎంత దక్కుతుంది? నాలుగున్నరకు అన్న వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. అప్పటికి పావు వంతు వెళ్లింది.

"ఇంక ఎంతసేపు మేడం?" అన్నాడు.

"ఇంకా మూడు రోజులన్న," అన్నాను.

ఆయన నవ్వాడు. మేం నవ్వలేదు.

మర్నాడు ఒకదాని తర్వాత ఒకటిగా ఇచ్చి చూశాను. ఒకదానికైతే నలభై నిమిషాల్లో చేరుతోంది. సాయంత్రానికి పది కంప్యూటర్లు కూడా పూర్తికాలేదు. హార్డ్ డిస్క్ చేత్తో పట్టుకుని తిరిగినా రెండు రోజుల పైమాటే. మేడం మొదటి కంప్యూటర్ ముందు గడ్డం కింద చేయి పెట్టుకుని కూర్చుని, ఉన్నట్టుండి అంది:

"అక్కా, నాకు ఎర్కలేకడుగుతున్న. గీ ఒకటో నంబరు దగ్గర ఫైలు మొత్తం వచ్చేసింది గద. మరి రెండోది ఆ పెద్దదాన్నే ఎందుకడుగుతున్నది? దీని దగ్గర తీస్కోరాదా?"

నాకు సిగ్గేసింది. ఇదేమీ కొత్త సంగతి కాదు, నేను చదువుకున్న పుస్తకాల్లోనే ఉంది. ల్యాబుల్లో అంతంత పెద్ద ఫైళ్లు పంచే అవసరం రాక, అది నా బుర్రలోంచి ఎప్పుడో జారిపోయింది. పెద్దది ఒకటో నంబరుకు ఇస్తుంది. తర్వాతి విడతలో పెద్దది ఇంకోదానికి, ఒకటో నంబరు మరోదానికి ఇస్తాయి. అప్పటికి పెద్దదానితో కలిపి నలుగురి దగ్గర ఉంటుంది. తర్వాత ఎనిమిది, ఆపైన పదహారు. విడతకు నలభై నిమిషాలు అనుకుంటే, ఆరు విడతల్లో నలభై కంప్యూటర్లకూ చేరిపోతుంది. నాలుగు గంటలు.

రెండు రోజుల్లో ఆ ప్రోగ్రాం రాశాను. ఏ కంప్యూటర్ ఏ విడతలో దేనికి ఇవ్వాలో ఒక వరుస పెట్టాను. ఫైలు అందుకున్న ప్రతి కంప్యూటరూ, దాన్ని ఇంకొకదానికి ఇచ్చే ముందు ఒకసారి సరిచూసుకునేట్టు కూడా రాశాను. దీనికి చెక్‌సమ్ అని ఒక పద్ధతి ఉంది. ఫైలులో ఉన్నదంతా కలిపి లెక్కగట్టి ఒక పొడుగాటి అంకె తీస్తారు. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ అంకె మారిపోతుంది. అసలు ఫైలు అంకె, అందిన ఫైలు అంకె ఒకటే అయితే ఫైలు క్షేమంగా వచ్చినట్టు.

మొదటిసారి నడిపిన రోజు ఆ గదిలో ఒక్కో విడతకూ డబ్బా మీద ఆకుపచ్చ లైట్లు రెట్టింపు అవుతుంటే మేడం చిన్నపిల్లలా లేచి నిలబడి చూసింది. అన్నను కూడా పిలిచి చూపించింది. "గదేందే, దీపావళి లెక్క," అన్నాడాయన.

అయితే ఆ పాత డిస్కుల మీద సరిచూపుకు విడతకు పది నిమిషాలు పట్టేది. ఆరు విడతలకు ఒక గంట. పది గంటలకు మొదలుపెడితే మూడింటికి పంపకం పూర్తయ్యేది, ఇక లెక్కలకు గంటన్నర మిగిలేది. రెండోసారి కొత్త ఫైలు వచ్చినరోజు నాకు పెద్ద ల్యాబులో ఇంటర్నల్ పరీక్ష పడింది. పాత బ్లాకుకు వచ్చేసరికి పదకొండున్నర దాటింది. సరిచూపుతో సహా ఐదు గంటలంటే సరిగ్గా మెయిన్ దించే వేళకు అవుతుంది. మేడం ముఖం చూశాను. చేతిగడియారం చూసుకుంది, అంతే. నేను ప్రోగ్రాం తెరిచి, సరిచూపు చేసే ఆ లైను పనిచేయకుండా చేశాను. ఈ ఒక్కరోజుకే అనుకున్నాను. మూడున్నరకు అందరికీ ఫైలు చేరింది. ఆమె సంతోషపడింది. ఆ లైనును నేను మళ్లీ పెట్టలేదు. మర్చిపోయానని చెప్పుకోవచ్చు గానీ, నిజానికి మర్చిపోలేదు. తర్వాతి వారం గుర్తొచ్చింది. పంపకం బాగానే జరుగుతోంది కదా, మళ్లీ గంట ఎందుకు పోగొట్టాలి అనుకున్నాను. మేడానికి ఒక్క మాట కూడా చెప్పలేదు.

అలా మూడు వారాలు గడిచాయి. లెక్కలు చకచకా తేలుతున్నాయి. ఒక శుక్రవారం మధ్యాహ్నం, భోజనాల వేళ, ఆమె ఒక ప్రింటు కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చి నా టిఫిన్ డబ్బా పక్కన పెట్టింది. ఒక వరుస కింద పెన్సిలుతో గీత గీసి ఉంది.

"గీ బోరు చూడక్కా. నీళ్లు మస్తున్నయంట. పైకే ఉన్నయంట."

"మంచిదే గద మేడం?"

"గిది మా బాపు బోరు. రెండేండ్లాయె ఎండిపోయి."

నేను ముద్ద చేతిలోనే పట్టుకుని ఆ కాగితం వైపు చూశాను. ఆమె అప్పటికే ఫోన్ తీసి తండ్రికి కలిపి, స్పీకర్ మీద పెట్టింది.

"బాపు, మన రాళ్లచెల్క బోర్ల నీళ్లేమన్న వచ్చినయా?"

"నీళ్లెక్కడియి బిడ్డా. మోటర్ గుంజి ఇంట్ల అర్రల వెట్టిన గద, నువ్వే జూసినవ్," అన్నాడు ఆయన. "ఏమాయె?"

"ఏంలేదు బాపు. అన్నం తిన్నవా?"

ఫోన్ పెట్టేసి, తన లెక్కలోనే ఎక్కడో తప్పు చేసి ఉంటానంది. సాయంత్రం వరకూ కూర్చుని తన సూత్రాలన్నీ మళ్లీ చూసుకుంటానంది. ఆమె మొహం తెల్లబోయింది. ఏడేళ్లుగా కట్టుకున్న లెక్క మొత్తం తప్పేమోనన్న భయం అది. నేను తీసేసిన సరిచూపు గుర్తొచ్చింది. అదే బోరును ఆమె లాప్‌టాప్ మీద చేసి చూస్తే ఎండిపోయినట్టే వస్తుందని నాకు లోపల తెలిసిపోయింది. ఆ మాట అప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు. "రేపు రెండో శనివారం, సెలవే గద. నేను ఒచ్చి మిషన్లు చూస్త మేడం. మీరు ఫికర్ చేయకుర్రి," అని మాత్రం అన్నాను. బొంగులూరులో మా ఇంటికి చేరాక అన్నం సహించలేదు. ఫైలు ఎక్కడ పాడైంది, ఎన్నింటిలో పాడైంది, ఎప్పటినుంచి? నలభైలోనూ పాడై ఉంటే మూడు వారాల పనీ పోయినట్టే. గడువుకు ఇంకా నెల కూడా లేదు.

శనివారం పొద్దున్నే అన్నకు ఫోన్ చేసి తాళం తీయించాను. సెలవు రోజు ఎందుకని అడగలేదు ఆయన. మెయిన్ ఎత్తి, గడప మీద కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు.

నేను నలభై కంప్యూటర్లలోనూ ఒకేసారి సరిచూపు మొదలుపెట్టాను. పది నిమిషాలు. ఆ పది నిమిషాలు గదిలో ఇటు గోడ నుంచి అటు గోడకు తిరిగాను. ఒక్కొక్కటిగా అంకెలు తెర మీదికి రావడం మొదలైంది. పెద్దదాని అంకెను ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఒకటో నంబరు, సరే. మూడు, సరే. రెండు, సరే. చివరి నాలుగు స్థానాలు మాత్రం చూస్తూ టిక్కులు పెట్టుకుంటూ పోయాను. ఆరో నంబరు దగ్గర వేరే అంకె వచ్చింది.

తర్వాత ఏడు బాగుంది, ఎనిమిది బాగుంది. పద్నాలుగు తప్పు. ఇరవై రెండు తప్పు. ముప్పై తప్పు. ముప్పై ఎనిమిది తప్పు. మిగతావన్నీ పెద్దదాని అంకెతో అచ్చంగా కలిశాయి.

ఐదు కంప్యూటర్లు. కాగితం మీద ఆ ఐదు నంబర్లూ ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను. ఆరు, పద్నాలుగు, ఇరవై రెండు, ముప్పై, ముప్పై ఎనిమిది. ఒక్కోదానికీ మధ్య ఎనిమిది తేడా. ఆ ఐదింటి తప్పు అంకె కూడా ఒకటే. అప్పుడు నేను రాసిన వరుస తీసి చూశాను. ఆరో నంబరు పద్నాలుగుకు ఇచ్చింది. తర్వాతి విడతలో ఆరు ఇరవై రెండుకు, పద్నాలుగు ముప్పైకి ఇచ్చాయి. చివరి విడతలో ఆరు ముప్పై ఎనిమిదికి ఇచ్చింది. ఫైలు పాడైంది ఒక్కచోటే, ఆరో నంబరులో. ఆ పాడైన ఫైలునే అది మంచిదనుకుని తన కింద ఉన్నవాటికి పంచింది. నేను ఆపేసిన ఆ ఒక్క లైను ఉండి ఉంటే, ఆరో నంబరు దగ్గరే ఆగిపోయేది.

పంపకం ప్రతిసారీ అదే వరుసలో జరిగింది. అంటే ఆరో నంబరు ఎప్పుడు చెడిపోయినా, దాని చెడు ఆ ఐదింటిని దాటి పోయే దారి లేదు. ఏ బోరు లెక్క ఏ కంప్యూటర్ చేసిందో పెద్దదాని దగ్గర చిట్టా ఉంది. ఆ ఐదు చేసినవన్నీ పక్కన పెట్టి మళ్లీ చేస్తే చాలు. మేడం తండ్రి బోరు కోసం చిట్టా వెతికాను. ఇరవై రెండో నంబరు చేసింది.

కుర్చీలో కూర్చుండిపోయాను. కళ్లల్లోంచి నీళ్లు వాటంతటవే కారాయి.

"ఏమైందమ్మా?" అని అన్న లేచి లోపలికి వచ్చాడు.

"ఐదే అన్నా. నలభైల ఐదే."

ఆయనకు ఏం అర్థమైందో తెలియదు. "ఐతే మంచిదే గద, ఏడుస్తవేంది," అని బయటికెళ్లి ఒక బాటిల్ నీళ్లు తెచ్చిచ్చాడు.

మేడానికి ఫోన్ చేశాను. మంచాల నుంచి గంటలో స్కూటీ మీద వచ్చేసింది. ఆమె కూర్చోకముందే చెప్పాను. లేకపోతే మళ్లీ నోరు మూతపడేది.

"మేడం, మీ లెక్కల తప్పు లేదు. ఫైలు పాడైంది. ప్రోగ్రాంల సరిచూసే లైను ఒకటి ఉండె, టైం కలిసొస్తదని మూడు వారాల కింద నేనే తీసేసిన. మీకు చెప్పలే."

ఆమె నా వైపు తిరిగింది. ముఖంలో కోపం రావడం కనిపించింది.

"ఒక్కమాట చెప్తే ఐపోవు గదక్కా. గంటసేపు ఆగుతుంటి నేను. నిన్న రాత్రంత నా సూత్రాలు తప్పని, ఏడేండ్లు ఉత్తగనే పోయినయని అనుకున్న."

"తప్పు నాదే."

"ఎన్ని పాడైనయ్?"

"ఐదు."

"ఐదేనా? ఖాయమేనా?"

"మూడుసార్లు చూసిన మేడం."

కాగితం తీసుకుని నంబర్లు చూసింది. ఎందుకు ఐదే అయ్యాయో వరుసంతా గీసి చూపించాను. వేలితో ఆరు నుంచి పద్నాలుగుకు, పద్నాలుగు నుంచి ముప్పైకి గీత వెంబడి పోయి చూసుకుంది. లెక్క తెలిసిన మనిషి, నేను పూర్తిగా చెప్పకముందే అర్థం చేసుకుంది. ఐదు కంప్యూటర్లు మూడు వారాల్లో చేసిన పనిని ముప్పై ఐదింటికి పంచితే మూడు రోజులు కూడా నిండుగా పట్టవని తనే లెక్కగట్టింది. అప్పుడు గట్టిగా ఊపిరి వదిలి, గోడకు ఆనుకుని నేల మీదే కూర్చుంది.

"మూడు దినాలు," అంది. "మూడు దినాలే కదక్కా?"

"మూడే."

"సరే. ఇగ ఏడ్వకు. లే."

అన్న ఆరో నంబరు మూత విప్పాడు. లోపల దుమ్ము వేలెడు మందాన పేరుకుంది. మెమరీ పట్టీ బయటికి తీసి, దాని అంచును రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాడు. పరీక్ష నడిపితే ఆ పట్టీలోనే కొన్ని చోట్ల రాసిన అక్షరం ఒకటి, తిరిగొచ్చేది ఇంకొకటి అవుతోందని తేలింది. ఫైలు తీగ మీద క్షేమంగానే వచ్చింది, డిస్కు మీదికి చేరే ముందు ఆ పట్టీలో ఆగిన క్షణంలో చెడిపోయింది. "గిది పనికిరాదిగ, పక్కకు వెడదాం," అని అన్న దాన్ని ఎత్తి గది మూలకు చేర్చాడు. దాని కింద వచ్చిన నాలుగింటికీ మాత్రం పరీక్షలో ఏ దోషమూ కనబడలేదు.

ఆ ఆదివారం, సోమవారం నేను ప్రోగ్రాం మొత్తం మళ్లీ రాశాను. ఈసారి ఫైలును చిన్న చిన్న ముక్కలుగా చేశాను. కంప్యూటర్లన్నిటినీ ఒకదాని వెనక ఒకటి వరుసలో నిలబెట్టాను. ఒక ముక్క అందగానే కంప్యూటర్ దాని చెక్‌సమ్ చూసుకుంటుంది. సరిగ్గా ఉంటేనే వెనకదానికి అందిస్తుంది, తప్పైతే ముందుదాన్ని మళ్లీ అడుగుతుంది. ఫైలు మొత్తం వచ్చేదాకా ఎవరూ ఆగనక్కరలేదు, ఒక ముక్క అందిస్తూనే తర్వాతి ముక్క అందుకుంటారు. ముక్క చిన్నది కాబట్టి, అది ఇంకా మెమరీలో ఉండగానే సరిచూపు అయిపోతుంది. డిస్కు మీదికి వెళ్లినవాటిని చివరలో అందరూ ఒకేసారి చూసుకుంటే పది నిమిషాలు. ఆ పది నిమిషాలు ఇక ఎవరొచ్చి అడిగినా తీసేదిలేదని మేడం ముందే చెప్పాను.

"నేనడిగినా తీయకు," అంది ఆమె.

మంగళవారం పొద్దున నడిపితే పదిహేడో నంబరు దగ్గర ఆగిపోయింది. దాని వెనక ఉన్నవన్నీ ఖాళీగా ఎదురుచూస్తున్నాయి. అన్న వంగి చూసి, కేబుల్ చివర వదులైందని చెప్పి, పాత కొస కత్తిరించి కొత్తది బిగించాడు. ఆకుపచ్చ లైట్లు వరుసగా వెలిగాయి. నలభై నిమిషాలు దాటిందో లేదో ఫైలు చివరి కంప్యూటర్‌కి చేరింది. సరిచూపుతో కలిపి గంట లోపే. ముప్పై తొమ్మిది అంకెలూ నేను గట్టిగా చదువుతుంటే ఆమె కాగితం మీద టిక్కులు పెట్టింది. ఒక్కటీ తేడా రాలేదు. మొదటిరోజు మూడు రోజులు పడుతుందని నేను చెప్పిన పని అది.

పక్కన పెట్టిన లెక్కలన్నీ మంగళ, బుధ, గురువారాల్లో మళ్లీ చేయించాము. గురువారం మధ్యాహ్నం రెండున్నరకు చివరి బోరు తేలింది. మధ్యలో బుధవారమే తండ్రి బోరు లెక్క వచ్చింది. ఆమె వెంటనే ఫోన్ చేసింది.

"బాపు! మన బోరు ఎండిపోయింది!"

"గది నాకెర్కలేదా? నవ్వుతున్నవేంది నువ్వు?" అన్నాడు తండ్రి.

నేను, అన్న, ఆమె, ముగ్గురం కడుపుబ్బ నవ్వాము. పాపం ఆ పెద్దాయనకు కారణం చెప్పేసరికి చాలాసేపు పట్టింది. ఆ రోజు ఆమె తెచ్చిన జొన్నరొట్టెలు, వంకాయ కూర ముగ్గురం పాత బ్లాకు మెట్ల మీద కూర్చుని తిన్నాము. శుక్రవారం తర్వాత నాకు అన్నం రుచి తెలిసింది అప్పుడే.

ఒక విషయంలో మాత్రం మా ఇద్దరికీ చిన్న వాదం జరిగింది. ఐదు కంప్యూటర్ల ఫలితాలు తప్పొస్తే మళ్లీ చేశామన్న సంగతి థీసిస్‌లో రాస్తానంది ఆమె. అడిగేవాళ్లు లేనిపోనివి అడుగుతారేమో, ఎందుకు అన్నాను. నా తప్పు అచ్చులో పడుతుందన్న భయం కూడా ఉంది, అది పైకి అనలేదు. ఆమెకు తెలిసిపోయినట్టుంది.

"నీ పేరు రాయనక్కా. ఏమైందో రాస్త, ఎట్ల సరిచేసినమో రాస్త. గంతే," అంది. ఒక పేరా రాసి నాకు చూపించింది. కంప్యూటర్ల వరుస బొమ్మ కూడా గీసింది. చదివాక నాకు పెద్దగా భయం అనిపించలేదు.

సెమినార్ రోజు నేను సెలవు పెట్టలేకపోయాను, ల్యాబ్‌లో ఎక్స్‌టర్నల్ పరీక్ష ఉంది. రోజంతా ఫోన్ చూసుకుంటూనే ఉన్నాను. ఏమీ రాలేదు. సాయంత్రం బొంగులూరు గేటు దగ్గర బస్సు దిగి, రోడ్డు పక్కన మామిడిపండ్లు ఏరుతుంటే మోగింది.

"అక్కా, అయిపోయింది. ఒప్పుకున్నరు. థీసిస్ సబ్మిట్ చేస్కోమన్నరు."

"ఆ పేరా గురించి అడిగిన్రా?"

"అడిగిన్రు. ఎనిమిదెనిమిది తేడా ఎందుకొచ్చిందని అడిగిన్రు. బోర్డు మీద గీసి చూపెట్టిన. ఒకాయన, గీ ఒక్కటి చూస్తేనే మిగతాది నమ్మొచ్చనిపిస్తున్నదన్నడు."

ఆమె బస్సులో ఉన్నట్టుంది, చుట్టూ గోల. బాపుకు చెప్పాలి, మళ్లీ చేస్తానని పెట్టేసింది. నేను చేతిలో పండుతో అలాగే నిలబడ్డాను.

"ఏమైందక్కా?" అని అడిగింది పండ్లమ్మే ఆమె.

"ఏంలేదు. మంచి ముచ్చటే," అన్నాను. ఆమె ఇంకో నాలుగు మంచి పండ్లు ఏరి నా సంచిలో వేసింది. ఆకాశంలో అప్పుడే మబ్బు పట్టింది. ఇంటికి నడుస్తుంటే మొదటి చినుకులు పడ్డాయి. గొడుగు సంచిలోనే ఉంది గానీ తీయాలనిపించలేదు.